నాకేం అభ్యంతరం లేదండి

అమెరికాలో దేవుణ్ణి ఎంతమంది నమ్ముతున్నారు, ఇంట్లో తుపాకీ ఉండాలని ఎంతమంది అంటున్నారు, ఆడపిల్లని ఎదుటి పార్టీ ఇంట్లో ఇవ్వడానికి ఎంతమంది ఒప్పుకుంటున్నారు అని పేపర్లలో లెక్కలు పడుతుంటాయి కదా. అవి కాకినాడలో తయారవుతాయి. భానుగుడి సెంటర్ నుంచి కాస్త లోపలికెళ్తే కింద టిఫిన్ హోటలూ, మధ్యలో కోచింగ్ సెంటరూ ఉన్న మేడ ఒకటుంది. దాని మూడో అంతస్తులో. నేను అక్కడే పనిచేసేవాణ్ణి. నా పేరు వాసంశెట్టి సూరిబాబు. ఉద్యోగరీత్యా ఒహాయో రాష్ట్రంలో డెబ్భై ఏళ్ళ వితంతువుని.

నవ్వకండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్లో అలాగే ఉంది.

మొదట్లో మేం నిజంగానే అమెరికాకి ఫోన్లు చేసేవాళ్ళం. వాళ్ళు ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తినవాళ్ళు తిట్టేవాళ్ళు. "అయ్యా, తమరు స్వర్గం ఉందని నమ్ముతారా?" అని మర్యాదగా అడిగితే, నువ్వు నరకానికి పో అనేవాళ్ళు. దాన్ని 'నరకం ఉందని నమ్ముతారు' అనే గడిలో వేసుకునేవాళ్ళం. చివరికి అరిజోనాలో ఒక ముసలాయన మిగిలాడు. పాపం ఒంటరివాడు, ఎప్పుడు చేసినా ఎత్తి బోలెడు కబుర్లు చెప్పేవాడు. ఒక ఎండాకాలమంతా అమెరికా ప్రజాభిప్రాయం అంటే ఆయనొక్కడిదే. ఆయనకి మోకాళ్ళ నొప్పులు ముదిరిన వారం, దేశం యావత్తూ భవిష్యత్తు మీద ఆశ వదులుకుందని రిపోర్టు వెళ్ళింది. తర్వాత ఆయన కూడా ఎత్తడం మానేశాడు.

అప్పుడు మా డైరెక్టరు డాక్టర్ చంద్రమౌళి గారు మీటింగు పెట్టారు. ఆయన గణాంకశాస్త్రంలో డాక్టరు. మామూలుగా కూడా మాట్లాడగలరని వాళ్ళావిడ చెప్తుంటారు గానీ మేమెప్పుడూ వినలేదు.

"మిత్రులారా, మన ఖాతాదారులకు కావలసినది అమెరికన్ పౌరుడు కాదు, అమెరికన్ పౌరుని అభిప్రాయం. ఈ రెంటికీ అవినాభావ సంబంధం ఉన్నదనుట కాలం చెల్లిన అపోహ. పౌరుడు ఫోను ఎత్తని పక్షంలో, అతని ప్రమేయం లేకుండానే అతని అభిప్రాయాన్ని సేకరించవలసిన గురుతర బాధ్యత శాస్త్రముపై పడుచున్నది," అన్నారు.

ఆ బాధ్యత శాస్త్రం మీద పడి, అక్కణ్ణుంచి జారి మా మీద పడింది. మాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క అమెరికన్ని కేటాయించారు. వయసు, కులం లాంటివి, అంటే అక్కడి చర్చీలూ పార్టీలూ, అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చి, ఇకనుంచి మీరే ఆ మనిషి, అడిగినప్పుడల్లా ఆ మనిషిలా జవాబు చెప్పండి అన్నారు. పక్క క్యాబిన్లోంచి ఒకరు అడుగుతారు, ఇటు క్యాబిన్లోంచి ఒకరు చెప్తారు. మాకూ హాయే. అమెరికా టైముకి మేలుకునే బాధ తప్పింది, పొద్దున్న పదింటికి వచ్చి సాయంత్రం ఇంటికి పోవచ్చు.

నా పక్కన కూర్చునే భ్రమరాంబక్క టెక్సాస్‌లో తుపాకులూ పశువులూ ఉన్న ఆసామి. యడ్ల వీర్రాజు కాలిఫోర్నియాలో దేవుడు లేడనే కాలేజీ కుర్రాడు. నేను చెప్పాను కదా, ఒహాయోలో పెద్దావిణ్ణి. మెథడిస్టు అనే క్రైస్తవ శాఖ, ప్రతి ఆదివారం చర్చి, పార్టీ ఇంకా తేల్చుకోలేదు. కార్వర్ ఫాల్స్ అనే చిన్న ఊరు. ఆ చుట్టుపక్కల పెద్దవయసు ఆడవాళ్ళందరికీ ప్రతినిధిని నేనొక్కణ్ణే కాబట్టి నా మాటకి బరువెక్కువ. నేను తలూపితే ఒక తాలూకా ఊపినట్టు.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా గోదావరి జిల్లాల్లో 'కాదు' అనే మాట లేకపోలేదు. కానీ అది ఎదుటి మనిషి మొహం మీద అనడానికి కాదు, ఆ మనిషి గుమ్మం దిగాక అనుకోడానికి. పిల్ల నచ్చకపోతే ఇంటికెళ్ళి కబురు చేస్తామంటాం. భోజనానికి పిలిస్తే ఇప్పుడే తినొచ్చామంటాం. బస్సులో మన సీట్లో కూర్చున్నవాడు "ఇక్కడ కూర్చుంటే మీకేమైనా ఇబ్బందా?" అని అడిగితే, "అబ్బే, నాకేం ఇబ్బంది లేదండి" అని రాజమండ్రి దాకా నిలబడి వెళ్తాం. అడిగినవాడు చిన్నబుచ్చుకుంటే మనకేం బాగుంటుంది చెప్పండి.

అలాంటి మేం అమెరికా అయ్యాం. ఏడాది తిరక్కుండా ఆ దేశం ఎంత పెద్దమనిషి తరహాకి వచ్చిందంటే, అక్కడి పేపర్లకే నమ్మకం కలగలేదు. పన్నులు పెంచితే అభ్యంతరమా అంటే లేదన్నారు. తగ్గిస్తే అభ్యంతరమా అంటే అదీ లేదన్నారు. సరిహద్దులో గోడ కట్టమంటారా అంటే మీ ఇష్టం అన్నారు, కూల్చమంటారా అంటే మీరెలా అంటే అలాగే అన్నారు. జాతి మొత్తం మీద ఒక సమన్వయ దృక్పథం వెల్లివిరుస్తోందని మా డైరెక్టరు గారు రాశారు. ఆయనకి అవార్డొచ్చింది.

తేడాలు రాకపోలేదు. కార్తీకం రాగానే వీర్రాజు మాల వేసుకున్నాడు. నల్లబట్టలూ, మెడలో తులసిమాలా, కాళ్ళకి చెప్పుల్లేకుండా డైరెక్టరు గారి గదికెళ్ళి నిలబడ్డాడు.

"స్వామీ, మండలం పూర్తయ్యేదాకా దేవుడు లేడని అననండి. మీరు జీతం కోసుకున్నా సరేనండి," అన్నాడు.

"అది మీ వ్యక్తిగత విశ్వాసం కదా. ఇది వృత్తిపరమైన అవిశ్వాసం," అన్నారు డైరెక్టరు గారు.

"ఆయ్, నిజమేనండి. కానీ నోరొకటేనండి."

ఆ నెలన్నరా కాలిఫోర్నియా కాలేజీ కుర్రాళ్ళు భగవంతుణ్ణి నమ్మారు. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం ఆరోగ్యానికి మంచివన్నారు. పశ్చిమ తీరంలో యువత ఆధ్యాత్మిక పునరుజ్జీవనం అని రిపోర్టు వెళ్తే, అక్కడి చర్చీల్లో ముందు వరసలో కొత్త కుర్చీలు కూడా కొన్నారట. మండలం పూర్తయి వీర్రాజు మాల తీసెయ్యగానే దేశం మళ్ళీ నాస్తికంలో పడింది. దీని మీద ఎవరో పుస్తకం రాస్తున్నారని విన్నాను.

భ్రమరాంబక్కది ఇంకో తీరు. మీ అమ్మాయి ఎదుటి పార్టీ అబ్బాయిని చేసుకుంటానంటే ఏమంటారని అడిగారు. ఆవిడ కాగితం ప్రకారం తుపాకీ తీస్తాననాలి. "అబ్బాయేం చేస్తున్నాడు? సొంతిల్లుందా? తాగుడేమైనా ఉందా?" అని అడిగింది. ఆ మూడూ తెలిస్తే గానీ అభిప్రాయం చెప్పనంది. టెక్సాస్‌లో పార్టీ విభేదాలు అంతరించాయని తేల్చారు.

ఇలా సాఫీగా నడిచిపోతుండగా ఒకరోజు కార్వర్ ఫాల్స్ మీద చిన్న సర్వే వచ్చింది. అక్కడ ఒక ఆసుపత్రి ఉందట. అది మూసేసి, రెండు గంటల దూరంలో ఉన్న పెద్ద ఊరి ఆసుపత్రిలో కలిపేద్దామనుకుంటున్నారట. ప్రజలు ఒప్పుకుంటేనే.

పక్క క్యాబిన్లోంచి భ్రమరాంబక్క చదివింది. "ఆసుపత్రిని మూసివేసినచో తమకేమైనా అభ్యంతరమా?"

"అబ్బే, నాకేం అభ్యంతరం లేదండి," అన్నాను. అని, టీ తాగడానికి కిందికెళ్ళాను.

నిజం చెప్తున్నాను, అంతకుమించి ఒక్క ఆలోచన రాలేదు. అప్పటికి మా ఆవిడ నాగవేణికి ఐదో నెల. మా వీధి చివర ప్రసూతి ఆసుపత్రికి సాయంత్రం తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే డాక్టరమ్మ వెళ్ళిపోతుంది. నా బుర్రంతా ఆ ఆసుపత్రి మీదే ఉంది.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం హెల్ప్‌లైన్ ఫోను మోగింది. రిపోర్టు అట్టమీద ఒక నెంబరు వేస్తాం, ఎవరికైనా సందేహాలుంటే అడగమని. ఆ నెంబరు మోగడం అదే మొదలు. ఎత్తాను. అవతల ఒక పెద్దావిడ. మాట్లాడింది ఇంగ్లీషే గానీ నా చెవికి మా వీధిలో పెద్దావిడ మాట్లాడినట్టే ఉంది కాబట్టి అలాగే రాస్తాను.

"బాబూ, నా పేరు డోరిస్. కార్వర్ ఫాల్స్ నుంచి. మా ఊరి ఆడవాళ్ళంతా ఆసుపత్రి మూసెయ్యడానికి ఒప్పేసుకున్నామని పేపర్లో వేశారు. నన్నెవరూ అడగలేదే."

మెల్లిగా వయసెంతండీ అన్నాను. డెబ్భై అంది. మీ ఆయన అన్నాను. పోయి ఆరేళ్ళయిందంది.

"నాకు రోజు విడిచి రోజు డయాలిసిస్, బాబూ. ఈ ఆసుపత్రికైతే నడిచి వెళ్తాను. ఆ ఊరికి ఎలా వెళ్ళను? నాకు కళ్ళు ఆనవు, కారు మానేశాను. మంచు పడితే రోడ్డే ఉండదు. ఒప్పుకున్నవాళ్ళెవరో ఒక్కరి పేరు చెప్పు, వెళ్ళి కనుక్కుంటాను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఒప్పుకున్నది నేనేనమ్మా అని ఎలా చెప్పను? నా సొంత నెంబరిచ్చి, రేపటికల్లా కనుక్కుంటానని చెప్పి డైరెక్టరు గారి గదిలోకి పరిగెత్తాను.

ఆయన అంతా విని చిరునవ్వు నవ్వారు. "సూరిబాబు గారూ, మీరు భావోద్వేగానికి లోనవుచున్నారు. ఆవిడ ప్రతినిధి కాదు. ఆవిడ కేవలం ఒక మనిషి."

"కానీ ఒహాయో వితంతువు ఆవిడేనండి. నేను కాదండి."

"అది నిరూపణ కావలసిన విషయం," అన్నారు.

నిరూపణ సంఘం వేశారు. డైరెక్టరు గారే అధ్యక్షులు. మర్నాడు డోరిస్ గారికి ఫోను కలిపి, స్పీకరులో పెట్టి, నా కాగితంలోని ప్రశ్నలే అడిగారు. ఎదురుగా నేను కూర్చున్నాను, పోల్చి చూసుకోడానికి.

ప్రతి ఆదివారం చర్చికి వెళ్తారా?

"ఆ పాస్టరుతో గొడవైంది. మానేశాను. పొద్దున్నా సాయంత్రం ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటాను," అందావిడ. డైరెక్టరు గారు ఇంటూ మార్కు పెట్టారు.

ఏ పార్టీ?

"మా తాతల నాటినుంచీ ఒకే పార్టీ. ఈసారి నిలబెట్టిన మనిషికి మాత్రం ఛస్తే వెయ్యను." ఇంకో ఇంటూ.

తుపాకులను నిషేధించాలా?

"నిషేధించాల్సిందే. మా ఆయనదొకటి అటక మీద ఉంది, అది వదిలేయండి. ఉడతల కోసం."

గర్భస్రావంపై తమ వైఖరి?

"మా పాస్టరు పాపం అంటాడు, నేనూ అంటాను. కానీ మా మేనకోడలికి అవసరమైనప్పుడు కారులో తీసుకెళ్ళింది నేనే. ఆ పిల్ల మొహం చూస్తే మీరూ తీసుకెళ్తారు."

డైరెక్టరు గారు కలం కింద పెట్టేశారు. మనిషికి నిజంగా బాధ కలిగింది. "అన్నీ పరస్పర విరుద్ధాలు. ప్రార్థించువారు చర్చికి పోవలెను. తుపాకీ వద్దనువారు తుపాకీ ఉంచరాదు. పాపమన్నవారు కారు తీయరాదు. ఈవిడ సమాధానాలు ఏ గడిలోనూ ఇమడుట లేదు," అన్నారు.

ఒహాయో వితంతువుగా నాకు తొంభై ఆరు మార్కులొచ్చాయి. డోరిస్ గారు తప్పారు. కావాలంటే ఆవిడకి ఉచితంగా శిక్షణ ఇప్పిస్తామని, శిక్షకుడిగా నన్ను నియమిస్తామని సంఘం తీర్మానించింది. ఆ సంగతి ఆవిడకి చెప్పే పని కూడా నాకే అప్పజెప్పారు. చెప్పాను.

"నాలా ఉండటం నువ్వు నాకు నేర్పిస్తావా, బాబూ?" అందావిడ. కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

ఆ వారమంతా డైరెక్టరు గారి చుట్టూ తిరిగాను. ఆవిణ్ణి వద్దు, కనీసం నన్నైనా మళ్ళీ అడగండి అని బతిమాలాను. పారదర్శకత కోసమని చివరికి ఒప్పుకున్నారు. శుక్రవారం మళ్ళీ సర్వే.

ఇంట్లో నాగవేణి నాతో సాధన చేయించింది.

"వీల్లేదు అనండి," అంది.

"వీల్లేదు అనుకుంటానండి."

"అనుకోడం కాదు, అనండి. చివర అండీ వద్దు."

"వీల్లేదు. మీకు కుదిరితేనే."

"మీరు మన పెళ్ళిచూపుల్లో కూడా ఇంతే," అందావిడ, నడుమ్మీద చెయ్యి పెట్టుకుని. "మీ అమ్మగారు మా వాడికి నచ్చిందంటే మీరు తలూపారు. ఇప్పటికీ నాకు తెలీదు, నచ్చానో లేదో."

"అయ్యో, అదేంటి, నచ్చావు," అన్నాను. అది మాత్రం వెంటనే వచ్చింది.

శుక్రవారం వచ్చింది. ఆఫీసంతా మా క్యాబిన్ల చుట్టూ మూగింది. భ్రమరాంబక్క పాపం నా వైపు చూడలేక, తల వంచుకుని చదివింది. "ఆసుపత్రిని మూసివేసినచో తమకేమైనా అభ్యంతరమా?"

అడిగింది అక్క. నిలబడ్డది డైరెక్టరు గారు. అందరూ రోజూ నాతో కలిసి భోంచేసేవాళ్ళే. మా వంశంలో ఎవరూ చేయని పని చేస్తున్నానని తెలుస్తూనే ఉంది.

"అభ్యంతరం ఉందండి. వీల్లేదండి," అన్నాను.

డైరెక్టరు గారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"సూరిబాబు గారూ, మీరు పాత్ర నుండి వెలుపలికి వచ్చారు. ఇది వ్యక్తిగత అభిప్రాయం."

"నాది కాదండి. ఆవిడదండి."

"నేను అన్నదీ అదే. ఆవిడ వ్యక్తిగత అభిప్రాయం. శాస్త్రంలో దానికి స్థానం లేదు."

నా జవాబు తీసేశారు. సోమవారానికి నన్నూ తీసేశారు. రెండేళ్ళపాటు నేను చెప్పిన జవాబులన్నీ ఒక కంప్యూటరుకి నేర్పించి, నా కుర్చీ ఎదురుగా పెట్టారు. వీర్రాజు ఫోన్ చేసి చెప్పాడు, అది అచ్చం నాలాగే ఉందని, ఏమడిగినా నాకేం అభ్యంతరం లేదండి అంటోందని. దానికి టీ కూడా అక్కర్లేదట.

కార్వర్ ఫాల్స్ ఆసుపత్రి మూతపడింది. ఆ వార్త డోరిస్ గారే ఫోన్ చేసి చెప్పింది. ముందు ఒప్పుకున్నదీ, తర్వాత వీల్లేదని ఉద్యోగం పోగొట్టుకున్నదీ నేనేనని చెప్పేశాను. నన్ను ఒక్క మాట అనలేదు. డయాలిసిస్‌కి టాక్సీలో వెళ్తున్నానని, ఆ ఖర్చుకి ఇల్లు అమ్మకానికి పెట్టానని చెప్పి ఫోను పెట్టేసింది. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. నాగవేణి కూడా తినమనలేదు.

ఆ తర్వాత రెండు నెలలకి మా మునిసిపల్ కార్పొరేషన్ వాళ్ళకీ ప్రజాభిప్రాయం మీద మోజు పుట్టింది. అమెరికాలో ప్రతిదానికీ ప్రజల్ని అడుగుతారట, మనమూ అడుగుదామన్నారు. పని మా డైరెక్టరు గారికే ఇచ్చారు. కాకినాడ గురించి కాకినాడవాళ్ళు చెప్తే పక్షపాతం దొర్లుతుందని ఆయన కొత్తగా ఒహాయోలో ఒక శాఖ తెరిచారు. చవగ్గా ఖాళీ భవనం దొరికిందట, మంచాలు కూడా ఉన్నాయట.

ఒకరోజు పొద్దున్నే డోరిస్ గారి ఫోను.

"బాబూ, నాకు ఉద్యోగం వచ్చింది. మా ఆసుపత్రి మేడలోనే. నా డయాలిసిస్ మంచం ఉండే మూల ఇప్పుడు నా క్యాబిన్. జీతం టాక్సీకి సరిపోతోంది. నేనిప్పుడు కాకినాడలో ముప్పై నాలుగేళ్ళ మగవాణ్ణి. పెళ్ళయింది, పిల్లలు లేరు. వీధి కూడా నువ్వు చెప్పిన మీ వీధే."

"బాగుందండి," అన్నాను.

"ఒక ప్రశ్న వచ్చింది. మీ వీధి చివర పురుళ్ళ ఆసుపత్రి తీసేసి, కార్లు పెట్టుకునే మేడ కడతారట. అభ్యంతరమా అని అడుగుతున్నారు. వీళ్ళిచ్చిన కాగితంలో, కాకినాడవాళ్ళు దేనికీ కాదనరని ఉంది. నాకెందుకో నిన్నే అడగాలనిపించింది. నువ్వేమంటావు, సూరిబాబూ?"

రెండేళ్ళలో నన్ను వేల ప్రశ్నలడిగారు. నన్ను, అంటే సూరిబాబుని, నువ్వేమంటావని అడిగిన మనిషి ఆవిడొక్కతే. నాగవేణికి తొమ్మిదో నెల. ఎదురుగా గోడకానుకుని నిలబడి ఉంది. చెప్పాల్సిన జవాబు నాకు తెలుసు. ఆవిడ కోసం అనగలిగిన మాట, నా కోసం నోటికి రాలేదు.

"మీకెలా వీలైతే అలా..." అని మొదలుపెట్టాను.

నాగవేణి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. ఆవిడకి ఇంగ్లీషు అంతగా రాదు. "నో," అంది. సరిపోదనుకుందేమో, "వీల్లేదు," అని తెలుగులో కూడా అంది. ఫోను మళ్ళీ నాకిచ్చింది.

"అలాగే చెప్తాను," అంది డోరిస్ గారు.

"అలా చెప్తే మిమ్మల్ని తీసేస్తారమ్మా. టాక్సీకి ఎలా?"

"నువ్వు నా కోసం చెప్పినప్పుడు నీ ఉద్యోగం పోలేదా ఏంటి?" అని పెట్టేసింది.

తర్వాతి వారం స్థానిక పేపర్లో సర్వే ఫలితం వచ్చింది. కార్ల మేడకు కాకినాడ ప్రజలు ముక్తకంఠంతో ఆమోదం తెలిపారు. అభ్యంతరం చెప్పినవారు లేరు. అడుగున కనీకనపడని అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: 'స్థానిక స్వభావానికి విరుద్ధంగా ఉన్న ఒక సమాధానం తొలగించబడినది.'

నాగవేణి ఆ ఒక్క వాక్యం వరకూ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం పేపర్లో పడటం అదే మొదటిసారి.